2+2 ఓంల డ్యూయల్ కాయిల్ సబ్‌వూఫర్, 2 ఓంల మోనోబ్లాక్ యాంప్: ఎలా కలపాలి?

కొత్త_బాస్:

అందరికీ నమస్కారం. కారు డిక్కీలో పెట్టడానికి 12 అంగుళాల సబ్‌వూఫర్ ఒకటి, దానికి ఒక మోనోబ్లాక్ యాంప్ తీసుకున్నాను. వూఫర్ వెనక 500 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా తట్టుకునే పవర్), డ్యూయల్ వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిపే తీగచుట్టలు రెండు), 2+2 ఓంలు అని ఉంది. యాంప్ క్లాస్ డీ. దాని పుస్తకంలో 4 ఓంలకు 300 వాట్లు, 2 ఓంలకు 500 వాట్లు అని రాశారు. 1 ఓం ఊసే లేదు. బ్యాటరీ వైరు, ఫ్యూజు ఇంకా కొనలేదు.

వూఫర్‌కి అటు రెండు, ఇటు రెండు టెర్మినళ్లు ఉన్నాయి. యాంప్‌కి కూడా స్పీకర్ ప్లస్‌లు రెండు, మైనస్‌లు రెండు ఉన్నాయి. దేన్ని దేనికి కలిపితే 2 ఓంలు వచ్చి 500 వాట్లు పూర్తిగా అందుతాయో చెప్పగలరా? తప్పుగా కలిపితే యాంప్ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఓం_లెక్క:

కొత్త_బాస్ గారూ, కలపకముందే అడిగారు, మంచి పని చేశారు. ఈ ఒక్క వూఫర్‌తో 2 ఓంలు రావు.

కాయిళ్లు రెండూ సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) కలిపితే 2+2, అంటే 4 ఓంలు. ప్యారలల్‌లో (ప్లస్‌లు ఒకచోట, మైనస్‌లు ఒకచోట) కలిపితే అందులో సగానికి సగం, అంటే 1 ఓం. ఈ రెండే దారులు. ప్యారలల్‌లో 2 ఓంలు రావాలంటే 4+4 ఓంల వూఫర్ ఉండాలి. లేదా 2 ఓంల సింగిల్ కాయిల్ వూఫర్ ఉండాలి. చాలామంది వాట్లు చూసి జత కడతారు. చూడాల్సిన వరస వేరు: యాంప్ ఎన్ని ఓంల దగ్గర ఎన్ని వాట్లు ఇస్తుందో ముందు చూడాలి, ఆ ఓంలు తెచ్చే కాయిల్ ఉన్న వూఫర్ ఏదో తర్వాత చూడాలి, దాని ఆర్‌ఎంఎస్ ఆఖరున సరిపోల్చాలి.

ఇంకొకటి, చాలా ముఖ్యం. మీ యాంప్ మీద ఉన్న ఆ రెండు ప్లస్‌లు లోపల ఒకే చోట కలుస్తాయి, రెండు మైనస్‌లూ అంతే. మోనోబ్లాక్ అంటే ఒకటే ఛానెల్. రెండు వూఫర్లు పెట్టుకునేవాళ్లకు వైర్లు బిగించడం సులువుగా ఉంటుందని టెర్మినళ్లు రెండు జతలు ఇస్తారు. ఒక కాయిల్‌ని ఒక జతకి, రెండో కాయిల్‌ని రెండో జతకి కలిపితే చూడటానికి విడివిడిగా ఉన్నట్టే ఉంటుంది. నిజానికి అది ప్యారలల్, యాంప్‌కి కనిపించేది 1 ఓం. మీరు అలా మాత్రం కలపకండి.

ఒక్క కాయిల్‌నే కలిపి రెండోది వదిలేస్తే 2 ఓంలు వస్తాయి కదా అని ఎవరైనా చెప్పవచ్చు. అలా చేస్తే వూఫర్ తట్టుకునే శక్తి సగమవుతుంది, 500 కాస్తా 250. పైగా కోన్‌ని పట్టి ఆపే విద్యుత్ బిగింపు కూడా సగానికి పడిపోతుంది. కంపెనీ ఇచ్చిన కొలతల ప్రకారం కట్టిన బాక్స్ ఇక ఆ వూఫర్‌కి నప్పదు, బాస్ వదులుగా, సాగినట్టు వస్తుంది.

సిరీస్‌లో కలిపి 4 ఓంల దగ్గర 300 వాట్లతో నడపడమే మీకున్న సరైన దారి.

గట్టి_మోత:

నా మాట కాస్త వేరు. నేను 2 ఓంల యాంప్‌ని 1 ఓం దగ్గర చాలా కాలంగా నడుపుతున్నాను, ఏమీ కాలేదు. వూఫర్ మీద రాసిన ఓంలు కాగితం మీది మాటే. బాక్స్‌లో పెట్టి పాట వేశాక ఇంపెడెన్స్ (పాట నడుస్తున్నప్పుడు యాంప్‌కి కనిపించే ఓంలు) పెరుగుతుంది. 1 ఓం అనుకున్నది నడుస్తున్నప్పుడు 2, 3 ఓంలు కూడా చూపిస్తుంది. పోటీల్లో పాల్గొనేవాళ్లు దీన్ని కొలిచే కలుపుతారు. 500 వాట్ల వూఫర్‌కి 300 ఇచ్చి సరిపెట్టుకోవడం నాకు నచ్చదు.

ఓం_లెక్క:

గట్టి_మోత అన్నా, ఇంపెడెన్స్ పెరుగుతుందన్నది నిజమే, కాదనను. ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ పెరగదు అన్నదే ఇక్కడ అసలు విషయం.

సీల్డ్ (పూర్తిగా మూసిన) బాక్స్‌లో వూఫర్ రెసొనెన్స్ దగ్గర, అంటే అది సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ దగ్గర, ఒక శిఖరం వస్తుంది, అక్కడ ఇంపెడెన్స్ రాసిన దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ ఫ్రీక్వెన్సీకి పైకి వెళ్లేకొద్దీ మళ్లీ కిందికి దిగి కాయిల్ డీసీ రెసిస్టెన్స్ (మీటరుతో కొలిస్తే వచ్చే ఓంలు) దగ్గరికి వస్తుంది. పోర్టెడ్ (గాలి గొట్టం ఉన్న) బాక్స్‌లో శిఖరాలు రెండు, మధ్యలో ఒక లోయ. ఆ లోయ సరిగ్గా పోర్ట్ ట్యూనింగ్ (ఆ గొట్టం పలికే ఫ్రీక్వెన్సీ) దగ్గరే పడుతుంది. అక్కడ ఇంపెడెన్స్ దాదాపు డీసీ రెసిస్టెన్స్ అంతే. 1 ఓం అని రాసిన జత డీసీ రెసిస్టెన్స్ 0.8, 0.9 ఓంలే ఉండవచ్చు. పాటలో ఆ స్వరం ఎక్కువసేపు నిలిచిందంటే యాంప్ మీద బరువంతా అప్పుడే పడుతుంది. పోటీల వాళ్లు ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర, ఒక బాక్స్‌లో, కొద్ది సెకన్ల కోసం కొలిచి కలుపుతారు. రోజూ రకరకాల పాటలు వినేవాళ్ల సంగతి అది కాదు.

అంకెల్లో చూద్దాం. 2 ఓంల మీద 500 వాట్లు అంటే వోల్టేజీ 31.6, కరెంటు 15.8 ఆంపియర్లు. అదే వోల్టేజీ 1 ఓం మీద పెడితే కరెంటు 31.6 ఆంపియర్లు, శక్తి 1000 వాట్లు. యాంప్ ట్రాన్సిస్టర్లనీ పవర్ సప్లైనీ 1000 వాట్లకు కట్టలేదు. అలా కట్టి ఉంటే పుస్తకంలో ఆ అంకె గొప్పగా వేసుకునేవాళ్లే. ప్రొటెక్షన్ మంచిదైతే ఎర్ర లైటు వెలిగి ఆగిపోతుంది. లేకపోతే వేడెక్కి కాలిపోతుంది. మీ దగ్గర ఆగకుండా నడుస్తోందంటే మీ బాక్స్, మీ పాటలు, మీ వాల్యూమ్ దానికి సహకరిస్తున్నాయి. కొత్తగా వచ్చినవాళ్లకు దాన్ని సలహాగా ఇవ్వలేం.

కొత్త_బాస్:

ధన్యవాదాలు ఓం_లెక్క గారూ. రెండు జతల టెర్మినళ్ల సంగతి నాకు అసలు తెలియదు. ఇంకో సందేహం. వూఫర్‌కి తక్కువ పవర్ ఇస్తే అది చెడిపోతుందని ఎన్నో చోట్ల చదివాను. 500 వాట్ల దానికి 300 ఇస్తే కాయిల్ కాలదా?

రాగి_తీగ:

ఈ మాట ఎంత పాతుకుపోయిందంటే, ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ మొలకెత్తుతుంది. తక్కువ పవర్ వల్ల ఏ వూఫరూ చెడిపోదు. వాల్యూమ్ తగ్గించి పాట వింటున్నప్పుడు ఎంత పెద్ద వూఫర్‌కైనా అందేది పది, ఇరవై వాట్లే కదా.

చెడగొట్టేది క్లిప్పింగ్. 300 వాట్ల యాంప్ నుంచి 500 పిండాలని గెయిన్ (స్టీరియో సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టే మీట), బాస్ బూస్ట్ పూర్తిగా తిప్పేస్తారు. యాంప్ ఇవ్వగలిగిన వోల్టేజీ అయిపోయాక తరంగం తలలు కోసినట్టు చదునవుతుంది. పూర్తిగా చతురస్రంలా మారిన తరంగంలో అదే ఎత్తున్న సైన్ తరంగం కంటే రెట్టింపు శక్తి ఉంటుంది. అంటే 300 వాట్ల యాంప్ బాగా క్లిప్ అయితే 600 వాట్ల దగ్గరికి వెళ్లగలదు. కాయిల్‌కి ఆ వేడి తట్టుకునే వీలు ఉండదు. అప్పుడు కాలిన వాసన వస్తుంది, తప్పంతా 'తక్కువ పవర్' మీద పడుతుంది. నిజానికి అక్కడ కాయిల్‌ని కాల్చింది ఎక్కువ పవరే.

గెయిన్ సరిగ్గా పెడితే 300 వాట్లతో మీ వూఫర్ హాయిగా ఉంటుంది. 300కీ 500కీ మధ్య తేడా 2.2 డెసిబెల్స్ మాత్రమే. పాట నడుస్తుండగా జాగ్రత్తగా వింటే తెలుస్తుంది తప్ప, సగం పోయినట్టు ఉండదు. చెవికి మోత రెట్టింపు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్లు పవర్. ఈ లెక్క తెలిశాక 300, 500 గురించిన బెంగ చాలావరకు తగ్గిపోతుంది.

పైగా 4 ఓంల దగ్గర యాంప్ చల్లగా నడుస్తుంది, బ్యాటరీ నుంచి లాగేదీ తక్కువ.

శ్రుతి_బాక్స్:

వాట్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి కలుపుతాను. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే మ్యాక్స్ పవర్, పీక్ పవర్ అంకెలతో దేన్నీ జత కట్టకండి. కార్ యాంప్‌ల పవర్ కొలవడానికి సీటీఏ-2006 అనే ప్రమాణం ఉంది. 2003లో వచ్చినప్పుడు దాని పేరు సీఈఏ-2006. దాని ప్రకారం 14.4 వోల్టుల దగ్గర, 4 ఓంల మీద, వక్రీకరణ, రొద కలిపి 1 శాతం దాటకుండా ఇచ్చిన వాట్లనే చెప్పాలి. యాంప్ మీద ఆ గుర్తు ఉంటే అంకెను నమ్మవచ్చు.

గుర్తు లేకపోతే ఫ్యూజులు చూడండి. కొత్త_బాస్ గారూ, మీ యాంప్ పక్కన ఎన్ని ఆంపియర్ల ఫ్యూజులు ఉన్నాయి?

కొత్త_బాస్:

25 ఆంపియర్లవి రెండు.

శ్రుతి_బాక్స్:

మొత్తం 50. 13.8 వోల్టులతో గుణిస్తే 690 వాట్లు లోపలికి. క్లాస్ డీ కాబట్టి 80 శాతం బయటికి వస్తుందనుకుంటే 550. పుస్తకంలో 500 అన్నది నమ్మదగ్గ మాటే. ఇదే ఫ్యూజులతో 2000 వాట్లు అని రాసి ఉంటే ఆ పెట్టెను అక్కడే వదిలేయాల్సింది.

పాత_క్యాసెట్:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నాదీ ఇలాంటి చిక్కే. నా దగ్గర నాలుగు ఛానెళ్ల యాంప్ ఉంది. 4 ఓంలకు ఛానెల్‌కి 75 వాట్లు, 2 ఓంలకు 110, బ్రిడ్జ్ చేస్తే (రెండు ఛానెళ్లు కలిపి ఒకటిగా వాడితే) 4 ఓంలకు 220 అని ఉంది. ముందు రెండు ఛానెళ్లు డోర్ స్పీకర్లకు వాడాను. వెనక రెండూ బ్రిడ్జ్ చేసి 10 అంగుళాల వూఫర్ పెట్టాలని ఉంది. వూఫర్ 4+4 ఓంలు, 300 ఆర్‌ఎంఎస్. ప్యారలల్‌లో కలిపితే 2 ఓంలు వస్తుంది, యాంప్ 2 ఓంలు తట్టుకుంటుంది అని రాశారు కదా, అలా చేయవచ్చా?

ఓం_లెక్క:

చేయకూడదు. బ్రిడ్జ్ చేసినప్పుడు వూఫర్‌ని రెండు ఛానెళ్లు చెరో వైపు నుంచి నడుపుతాయి. ఒక్కో ఛానెల్‌కి కనిపించేది వూఫర్ ఓంలలో సగమే. 4 ఓంల వూఫర్ పెడితే ఒక్కో ఛానెల్‌కి 2 ఓంలు. అందుకే 110, 110 కలిసి 220 అయింది, మీ అంకెల్లోనే అది కనిపిస్తుంది. మీరు 2 ఓంలు పెడితే ఒక్కో ఛానెల్‌కి 1 ఓం పడుతుంది. '2 ఓంలు తట్టుకుంటుంది' అన్న మాట ఛానెళ్లు విడివిడిగా వాడినప్పటిది.

మీ వూఫర్‌ని సిరీస్‌లో 8 ఓంలు చేసి బ్రిడ్జ్ మీద పెట్టండి. ఒక్కో ఛానెల్‌కి 4 ఓంలు, మొత్తం దాదాపు 150 వాట్లు. తక్కువే, కానీ పూర్తిగా సురక్షితం. 300 ఆర్‌ఎంఎస్ 10 అంగుళాల వూఫర్ 150 వాట్లతో చిన్న కారులో బాగానే పలుకుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కొత్త_బాస్ గారి 2+2 వూఫర్ మీ యాంప్‌కి అతికినట్టు సరిపోయేది: సిరీస్‌లో 4 ఓంలు, 220 వాట్లు. మీ 4+4 వూఫర్‌ని ఆయన మోనోబ్లాక్‌కి ప్యారలల్‌లో కలిపితే సరిగ్గా 2 ఓంలు. రెండు చోట్లా సరుకు మంచిదే, కాయిల్ ఎంపికే తారుమారైంది. కొనేముందు కాయిల్ చూడమని అంతగా చెప్పేది ఇందుకే.

పాత_క్యాసెట్:

అర్థమైంది సర్. బ్రిడ్జ్ చేయకుండా ఒక్కో కాయిల్‌ని ఒక్కో ఛానెల్‌కి ఇస్తే?

ఓం_లెక్క:

ఇవ్వవచ్చు, 75+75, అదే 150 వస్తుంది. కానీ రెండు ఛానెళ్లకూ అచ్చంగా ఒకే మోనో సిగ్నల్, ఒకే గెయిన్, ఒకే ఫిల్టర్ ఉండాలి. ఒకటి కాస్త అటూఇటూ అయినా కాయిళ్లు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. ఎక్కువ వాట్లేమీ రానప్పుడు ఆ తిప్పలెందుకు? బ్రిడ్జ్‌లో 8 ఓంలే మేలు.

గట్టి_మోత:

కొత్త_బాస్ తమ్ముడూ, 1 ఓం మాట పక్కన పెడదాం, ఓం_లెక్క చెప్పిన అంకెలు సరైనవే. మరో దారి ఉంది. ఇదే 2+2 వూఫర్ ఇంకొకటి తెచ్చుకో. ఒక్కో దాంట్లో కాయిళ్లు సిరీస్‌లో కలిపితే చెరో 4 ఓంలు. ఆ రెండు వూఫర్లని ప్యారలల్‌లో పెడితే 2 ఓంలు. యాంప్ 500 వాట్లు పూర్తిగా ఇస్తుంది, చెరో 250.

రాగి_తీగ:

ఇది చక్కటి సలహా. ఒక్కో దానికి 250 మాత్రమే అనిపించవచ్చు కానీ, 300 నుంచి 500కి 2.2 డెసిబెల్స్, కోన్ వైశాల్యం రెట్టింపు అయినందుకు ఇంకో 3, మొత్తం 5 డెసిబెల్స్ పైన పెరుగుతుంది. కాయిళ్ల మీద భారం కూడా తక్కువ. వాట్లు పెంచడం కంటే కోన్ వైశాల్యం పెంచడం నా దృష్టిలో ఎప్పుడూ మంచి బేరమే. డిక్కీలో చోటు పోతుంది, బాక్స్ ఘనపరిమాణం రెట్టింపు కావాలి, అదొక్కటే నష్టం.

కానీ రెండోది అచ్చంగా అదే మోడల్ కావాలి. వేరే కంపెనీది, వేరే సైజుది, వేరే ఓంలది కలపవద్దు. ప్యారలల్‌లో తక్కువ ఓంలున్నది ఎక్కువ పవర్ లాగేస్తుంది, సిరీస్‌లో దీనికి తిరగబడుతుంది. ఒకటి ఊగిపోతుంటే ఇంకొకటి కదలకుండా కూర్చుంటుంది.

శ్రుతి_బాక్స్:

రెండు వూఫర్లూ ఒకే గదిలో ఉన్న బాక్స్ అయితే మధ్యలో పలక అడ్డం పెట్టి రెండు గదులు చేయడం నాకు ఇష్టం. ఒక వూఫర్ పాడైనా రెండోది తన గాలి తనకు ఉండబట్టి బతుకుతుంది.

కొత్త_బాస్:

మీ అందరి మాటలూ విన్నాక ప్రస్తుతానికి ఒక్క వూఫర్ సిరీస్‌లో 4 ఓంలతో మొదలుపెడతాను. చోటు కుదిరితే రెండోది తర్వాత. అందుకని బ్యాటరీ వైరు ఇప్పుడే 500 వాట్లకు సరిపోయేది వేయాలనుకుంటున్నాను. సిరీస్ ఎలా కలపాలో, వైరు, ఫ్యూజు ఎంత ఉండాలో చెప్పండి.

రాగి_తీగ:

సిరీస్ సులువు. యాంప్ ప్లస్ నుంచి వైరు మొదటి కాయిల్ ప్లస్‌కి. మొదటి కాయిల్ మైనస్ నుంచి చిన్న వైరు ముక్క రెండో కాయిల్ ప్లస్‌కి. రెండో కాయిల్ మైనస్ నుంచి యాంప్ మైనస్‌కి. అంతే.

ఆ చిన్న ముక్క దగ్గరే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. దాన్ని మైనస్ నుంచి మైనస్‌కి కలిపారనుకోండి, ఒక కాయిల్ కోన్‌ని బయటికి తోస్తుంటే ఇంకొకటి లోపలికి లాగుతుంది. కోన్ కదలదు, శబ్దం రాదు. రావట్లేదని వాల్యూమ్ పెంచుతారు. కదలని కాయిల్‌కి గాలి ఆడదు, లోపలికి వెళ్లిన కరెంటంతా వేడిగా మారి కాల్చేస్తుంది. మీటరు మీద ఓంలు మాత్రం సరిగ్గానే చూపిస్తాయి కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మకండి. బాక్స్‌లో బిగించకముందు 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం తాకించండి. బ్యాటరీ ప్లస్‌ని వూఫర్ ప్లస్‌కి పెట్టినప్పుడు కోన్ స్పష్టంగా బయటికి రావాలి. కదలకపోతే ఒక కాయిల్ తిరగబడింది. లోపలికి పోతే మొత్తం తిరగబడింది.

ఇక వైరు. 500 వాట్లకు లోపలికి 625 వాట్లు కావాలి, 13.8 వోల్టుల దగ్గర 45 ఆంపియర్లు. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా 5 మీటర్లు అనుకుందాం. 8 గేజ్ రాగి వైరులో (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు) మీటరుకి సుమారు 2 మిల్లీ ఓంలు. 45 ఆంపియర్లకు దాదాపు 0.45 వోల్టు వైరులోనే పోతుంది. 4 గేజ్ అయితే మీటరుకి 0.8 మిల్లీ ఓంలు, పోయేది 0.2 వోల్టు కంటే తక్కువ. ఇప్పుడు మీకు 300 వాట్లకి 27 ఆంపియర్లే కాబట్టి 8 గేజ్ నడుస్తుంది, కానీ రెండో వూఫర్ ఆలోచన ఉంది కనుక 4 గేజ్ వేయండి.

సీసీఏ అంటే రాగి పూత వేసిన అల్యూమినియం. పూర్తి రాగితో పోలిస్తే కరెంటు బాగా తక్కువ మోస్తుంది. అదే తీసుకోవాల్సి వస్తే ఒక సైజు లావుది తీసుకోండి. ఓఎఫ్‌సీ అని రాసినది పూర్తి రాగి. కొసన ఒక పోగు చాకుతో గీకి చూడండి, లోపల వెండి రంగు కనిపిస్తే అల్యూమినియమే. అయితే తగరం పూత వేసిన అసలు రాగి కూడా పైకి తెల్లగానే ఉంటుంది, దానికి గీకితే లోపల ఎర్రగా ఉంటుంది.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి వీలైనంత దగ్గరగా, 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. ఈ ఫ్యూజు కాపాడేది యాంప్‌ని కాదు, వైరుని. బానెట్ నుంచి లోపలికి వచ్చే దారిలో వైరు తొక్క రేగి బాడీకి తగిలితే కారు తగలబడకుండా ఆపేది అదొక్కటే. మీ యాంప్ ఫ్యూజులు మొత్తం 50 కాబట్టి అక్కడ 50 గానీ 60 గానీ వేయండి. ఇనుప రేకులోంచి వైరు దూరే చోట రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. ఈ పని పూర్తయ్యేదాకా బ్యాటరీ మైనస్ విప్పి ఉంచండి.

ఎర్త్ వైరు ప్లస్ వైరు అంత లావే ఉండాలి, పొట్టిగా ఉండాలి. డిక్కీలో బాడీ రేకు మీద రంగు పూర్తిగా గీకి, మెరిసే ఇనుము మీద బోల్టుతో బిగించండి. సీటు బెల్టు బోల్టు జోలికి పోవద్దు. స్టీరియో నుంచి సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ వైర్లు కారుకి ఒక పక్క నుంచి, పవర్ వైరు ఇంకో పక్క నుంచి తీసుకురండి. ఇంజిన్ వేగంతో పాటు పెరిగే కూత వస్తే ముందు అనుమానించాల్సింది ఎర్త్‌నే.

కొత్త_బాస్:

అన్నీ కలిపాను. బాక్స్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ 3.7 ఓంలు చూపించింది, మీటరు కొసలు రెండూ తాకిస్తే 0.2. అంటే అసలు 3.5. బ్యాటరీ పెడితే కోన్ బయటికే వచ్చింది. 4 రావాలి కదా, 3.5 ఫర్వాలేదా?

ఓం_లెక్క:

ఉండాల్సింది అంతే. మీటరు కొలిచేది డీసీ రెసిస్టెన్స్, వూఫర్ మీద రాసేది ఏసీ ఇంపెడెన్స్ తాలూకు నామమాత్రపు అంకె. 4 ఓంల జత 3.2 నుంచి 3.8 మధ్య చూపిస్తుంది.

ఇక గెయిన్. గెయిన్ వాల్యూమ్ నాబ్ కాదు. స్టీరియో పంపే సిగ్నల్ వోల్టేజీకి యాంప్‌ని సరిపెట్టే మీట అది. మీకు కావాల్సిన వోల్టేజీ: 300 వాట్లని 4 ఓంలతో గుణించి వర్గమూలం తీయండి. 1200కి వర్గమూలం 34.6.

వూఫర్ వైర్లు యాంప్ నుంచి విప్పేయండి. బాస్ బూస్ట్ సున్నా, స్టీరియోలో ఈక్వలైజర్ చదునుగా, లౌడ్‌నెస్ ఆఫ్. యాంప్ గెయిన్ పూర్తిగా కిందికి. ఇంజిన్ నడుస్తూ ఉండాలి, కారు ఆరుబయట ఉండాలి. 50 హెర్ట్జ్ సైన్ టోన్ వేసి స్టీరియో వాల్యూమ్ మూడొంతులు పెట్టండి. మీటరు ఏసీ వోల్టుల మీద పెట్టి యాంప్ స్పీకర్ టెర్మినళ్లకు తాకించి, గెయిన్‌ని మెల్లగా తిప్పుతూ 34.6 దగ్గర ఆపండి. టోన్ ఎక్కువసేపు వేయనక్కర్లేదు.

34.6 దాటవద్దు, దానికి కాస్త తక్కువలో ఆపినా మంచిదే. వూఫర్ లేకుండా కొలిచినప్పుడు యాంప్ లోపలి వోల్టేజీ కుంగదు, వూఫర్ పెట్టాక కుంగుతుంది. అందుకే నేను 32, 33 దగ్గర ఆపుతాను. రెండో వూఫర్ పెట్టి 2 ఓంలు అయినప్పుడు లెక్క మారుతుందని మరవకండి: 1000కి వర్గమూలం 31.6. అప్పుడు మళ్లీ గెయిన్ సరిచేయాలి, అది కూడా కిందికి.

శ్రుతి_బాక్స్:

లో-పాస్ ఫిల్టర్ (పై స్వరాలను ఆపేది) 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి చెవితో అటూఇటూ జరుపుకోండి. బాక్స్ పోర్టెడ్ అయితే సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది స్వరాలను ఆపేది) తప్పక వాడాలి. పోర్ట్ ట్యూనింగ్‌కి కింది ఫ్రీక్వెన్సీల్లో బాక్స్‌లోని గాలి కోన్‌ని పట్టుకోలేదు, తక్కువ వాట్లకే కోన్ హద్దు దాటి కొట్టుకుంటుంది. ట్యూనింగ్ 35 అయితే ఫిల్టర్ 28, 30 దగ్గర పెట్టండి. యాంప్, వూఫర్ జత ఎంత బాగా కుదిరినా ఇది వదిలేస్తే వూఫర్ విరిగేది ఇక్కడే.

చివరగా, పాట వేసి బాక్స్ దగ్గర ప్లస్, మైనస్ వైర్లు ఒకసారి మార్చి వినండి. డ్రైవర్ సీట్లో ఎటు కలిపితే బాస్ నిండుగా వస్తుందో అదే ఉంచండి. కారులో వూఫర్‌కీ డోర్ స్పీకర్లకీ ఉన్న దూరాల తేడా వల్ల పుస్తకం ప్రకారం సరైనది ఒక్కోసారి చెవికి సరిపోదు.

పాత_క్యాసెట్:

నేనూ 8 ఓంలు చేసి బ్రిడ్జ్ మీద పెట్టాను, శుభ్రంగా పలుకుతోంది. కానీ గట్టి బాస్ వచ్చినప్పుడు రాత్రి పూట హెడ్‌లైట్లు కొద్దిగా మసకబారుతున్నాయి. కెపాసిటర్ పెడితే పోతుందంటున్నారు.

రాగి_తీగ:

ముందు కొలవండి. ఇంజిన్ నడుస్తుండగా గట్టి బాస్ వేసి బ్యాటరీ దగ్గర ఒకసారి, యాంప్ టెర్మినళ్ల దగ్గర ఒకసారి వోల్టేజీ చూడండి. బ్యాటరీ దగ్గర 14 ఉండి యాంప్ దగ్గర 13కి పడిపోతుంటే తప్పు వైరుదీ ఎర్త్‌దీ, కెపాసిటర్ దాన్ని మాన్పలేదు. బ్యాటరీ దగ్గరే పడిపోతుంటే బ్యాటరీ ముసలిదయింది, లేదా ఆల్టర్నేటర్ చాలట్లేదు. 150 వాట్లకే అలా అవుతోందంటే ముందుగా బ్యాటరీ టెర్మినళ్లు శుభ్రం చేసి బిగించండి, ఆ తర్వాత ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉన్న ఎర్త్ పట్టీ చూడండి.

మూడో_వూఫర్:

ఈ చర్చ మొత్తం చదివాను. నా దగ్గర 4+4 వూఫర్లు మూడు ఉన్నాయి, యాంప్ 1 ఓం దాకా తట్టుకుంటుంది. మూడూ వాడవచ్చా?

ఓం_లెక్క:

మూడు 4+4లతో 1 ఓం రాదు. అన్నీ ప్యారలల్‌లో పెడితే 0.67, యాంప్ హద్దు దాటిపోతుంది. ఒక్కో దాంట్లో సిరీస్ చేసి మూడింటినీ ప్యారలల్‌లో పెడితే 2.67, సురక్షితమే కానీ యాంప్ బలంలో చాలా భాగం వాడుకోలేరు. అదే మూడూ 2+2 అయి ఉంటే 1.33 వచ్చేది. మీరు రెండే వాడి, నాలుగు కాయిళ్లూ ప్యారలల్‌లో కలపండి. సరిగ్గా 1 ఓం వస్తుంది, రెండింటికీ పవర్ సమానంగా అందుతుంది. మూడూ పెట్టి తీరాలంటే 2.67తో నడపండి. ముందు మీ యాంప్ పుస్తకంలో 2 ఓంలకి, 4 ఓంలకి ఎన్ని వాట్లు రాశారో ఇక్కడ పెట్టండి, రెండు పద్ధతుల్లో ఏది మేలో లెక్కకట్టి చెబుతాను.